వెనక సీటు లేని కారు

కార్ల గురించి నాకు తెలిసినంత తక్కువ మరెవరికీ తెలిసి ఉండదు. నా దృష్టిలో కార్లు రెండే రకాలు. పిలవగానే వచ్చేవి, వస్తున్నానని చెప్పి రానివి. రంగు తప్ప మరో గుర్తు నాకు ఆనదు. ఓసారి పెళ్లి నుంచి తిరిగొస్తూ మా కారే అనుకుని ఎవరి తెల్ల కారులోనో ఎక్కి కూర్చుని, "కాస్త ఏసీ పెంచండీ" అని కూడా అన్నాను. డ్రైవింగు సీట్లో ఉన్న పెద్దమనిషి మర్యాదస్తుడు. పెంచాడు. మా వారు ఆ కథని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ కాఫీతోపాటు అందిస్తూ ఉంటారు.

అలాంటిదాన్ని నేను కారు గురించి రాయడమేమిటని మీరు నవ్వుకుంటే తప్పు మీది కాదు. అసలు ఇది కారు గురించేనా అని నాకే సందేహం.

పోయిన ఆగస్టులో మిషిగన్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లాను. నోవై అని డెట్రాయిట్‌కి దగ్గర్లో ఓ ఊరు. అక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, కూరగాయల కొట్లో గోంగూర ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడితే మనల్నే వింతగా చూస్తారు. వెళ్లిన మొదటి శనివారమే అక్క తెల్లవారకుండా లేచి పులిహోర కలిపింది. గుడికేమో అనుకున్నాను.

"గుడికి కాదే, తిరునాళ్లకి" అంది.

ఆగస్టు మూడో శనివారం నాడు అక్కడ వుడ్‌వర్డ్ ఎవెన్యూ అనే రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలుపెట్టారట. మైళ్ల కొద్దీ రోడ్డు పొడుగునా జనం మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ముందు నుంచి కార్లు మెల్లగా వెళుతూ ఉంటాయి. అంతే కార్యక్రమం. మాది గుంటూరు. కోటప్పకొండ తిరునాళ్లకి ఊరూరి నుంచీ ప్రభలు కట్టుకుని రావడం చూసిన కళ్లు మావి. అదే ఉత్సాహం, అదే పోటీ, అదే ఎండ. దేవుడొక్కడే తక్కువ. లేకపోతే కారే దేవుడేమో, నాకు తెలియదు.

మా బావగారు ఒక్కో కారునీ చూపించి పేరూ సంవత్సరం చెబుతున్నారు. నేను ఊఁ కొడుతూ పులిహోర తింటున్నాను. అంతలో ఒక కారు వచ్చింది. లేత నీలం రంగు. పొట్టిగా, నేలకి ఆనుకుని, వెనక రెక్కలు కొద్దిగా పైకి లేచి ఉంది. పైకప్పు తెల్లది. ఆ కప్పుకి రెండు వైపులా ఓడ కిటికీల్లాంటి గుండ్రటి అద్దాలు. నడుపుతున్నది ఎనభై దాటిన ముసలావిడ. తలకి గుడ్డ, కళ్లకి నల్ల కళ్లజోడు, పెదాలకి ఎర్ర రంగు. మమ్మల్ని చూసి హారన్ కొట్టి చెయ్యూపింది.

"మా ఎదురింటి మామ్మగారు" అంది అక్క. ఆ గొంతులో ఏదో తేడా వినిపించి తిరిగి చూశాను. అక్క కారు వంక చూస్తోంది. చిన్నప్పుడు మా వీధిలో కొత్త జడగంటలు పెట్టుకున్న అమ్మాయిని ఎలా చూసేదో, అచ్చం అలాగే.

"1957 థండర్‌బర్డ్" అన్నారు బావగారు. "అందం బానే ఉంది, వెనక సీటే లేదు. ఏం లాభం?"

ఆ ఒక్క మాట నాలో ఎందుకో ముల్లులా గుచ్చుకుంది. రచయిత్రులకి ఒక జబ్బుంది. ముల్లు గుచ్చుకుంటే తీసేసుకుని ఊరుకోరు, అది ఏ చెట్టుదో తెలుసుకోవాలి. ఆ వారమంతా అక్క పనిచేసే లైబ్రరీలో కూర్చుని, ఆ పిట్ట జాతకమంతా చదివాను. మీకు విసుగు రాకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1953లో జనరల్ మోటార్స్ వాళ్లు కార్వెట్ అని రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి తెచ్చారు. పక్కింటావిడ వడ్డాణం చేయించుకుంటే ఇవతలావిడ చూస్తూ ఊరుకుంటుందా? ఫోర్డు వాళ్లు 1954 ఫిబ్రవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో తమ బొమ్మని చూపించి, అక్టోబరులో అమ్మకానికి పెట్టేశారు. పేరు కోసం సొంత ఉద్యోగుల్లోనే పోటీ పెట్టారట. వచ్చిన పేర్లలో బీవర్, హెప్ క్యాట్, డెట్రాయిటర్ లాంటివి ఉన్నాయి. ఆల్డెన్ గిబర్సన్ అనే కుర్ర డిజైనరు 'థండర్‌బర్డ్' అన్నాడు. అక్కడి ఆదివాసుల కథల్లో ఆ పేరు గల మహాపక్షి ఒకటి ఉంది. అది రెక్కలు విదిలిస్తే ఉరుములు పుడతాయి, వాన వస్తుంది. అంత గొప్ప పేరు ఇచ్చినందుకు ఆ అబ్బాయికి ముట్టిన బహుమానం ఒక సూటు, దాంతోపాటు ఇంకో ప్యాంటు. మన వైపు పెళ్లిలో జాకెట్టు ముక్క పెట్టి పంపినట్టు లేదూ!

కార్వెట్‌కి మొదట్లో కిటికీలకి అద్దాలే లేవు. వానొస్తే తెరల్లాంటివి తెచ్చి తగిలించుకోవాలి. థండర్‌బర్డ్‌కి మాత్రం చక్కగా పైకీ కిందికీ జరిగే అద్దాలు, మెత్తటి సీటు, గట్టి ఇంజను. దీన్ని స్పోర్ట్స్ కారు అనలేదు ఫోర్డు వాళ్లు. 'పర్సనల్ కారు' అన్నారు. పందేలకి కాదు, సరుకులు మొయ్యడానికి కాదు, సంసారాన్ని ఎక్కించుకు తిరగడానికి అంతకన్నా కాదు. ఎవరు నడుపుతారో వాళ్ల కోసం. తర్వాత తర్వాత ఆ దేశంలో పర్సనల్ లగ్జరీ కార్లు అని ఒక జాతి పెరిగింది. బ్యూక్ రివియేరా, పాంటియాక్ గ్రాన్ ప్రీ, షెవర్లే మాంటీ కార్లో అంటూ. వాటన్నిటికీ అమ్మమ్మ ఈ పిట్టే. మొదటి ఏడాది 16,000 పైచిలుకు థండర్‌బర్డ్‌లు అమ్ముడుపోతే, ఆ ఏడాదే కార్వెట్‌లు 700 పోయాయి.

ఇబ్బందులు లేకపోలేదు. సామాను పెట్టుకోవడానికి చోటు చాలక 1956లో స్టెపినీ చక్రాన్ని బయట తగిలించారు. గట్టి కప్పు వేసుకుంటే పక్కలు కనబడటం లేదంటే ఆ గుండ్రటి కిటికీలు పెట్టారు. 1957లో వెనక భాగం కాస్త పొడిగించి చక్రాన్ని మళ్లీ లోపలికి తీసుకున్నారు. ఇరుకింట్లో కాపురం చేసే ఇల్లాలు మంచం కిందికి ట్రంకుపెట్టెలు తోసినట్టు ఏవో తంటాలు పడ్డారే గాని, మూడేళ్లూ రెండో వరస సీటు మాత్రం పెట్టలేదు. ఉన్నదొక్కటే పొడుగాటి సీటు. ఇరుక్కుంటే మూడో మనిషి పడతాడు.

అప్పుడు కథలోకి ఒక లెక్కల మనిషి ప్రవేశించాడు. రాబర్ట్ మెక్‌నమారా. 1955లో ఫోర్డ్ డివిజన్‌కి అధిపతి అయ్యాడు. కారు ముచ్చటగానే ఉంది, కానీ ఏడాదికి ఇరవై వేలు అమ్మితే గిట్టుబాటేమిటి అన్నాడు. కొనాలని మనసులో ఉన్నవాళ్లు ఎందుకు కొనడం లేదు? పిల్లలున్నారు గనక. కాబట్టి వెనక సీటు పెట్టండి అన్నాడు. 1958లో నాలుగు సీట్ల థండర్‌బర్డ్ వచ్చింది. పాత ప్రేమికులు గుండెలు బాదుకున్నారు. లెక్కలు మాత్రం మెక్‌నమారా పక్షాన నిలిచాయి. 1957లో 21,000 అమ్మిన కారు, 1958లో మాంద్యం ఉన్నా దాదాపు 38,000 అమ్ముడైంది. 1960 నాటికి 92,000 దాటింది. ఆ మెక్‌నమారాయే తర్వాత కెనెడీ దగ్గర రక్షణ మంత్రి అయ్యాడు. వియత్నాం యుద్ధాన్నీ అలాగే అంకెలతో నడపబోయి చరిత్రలో చెడ్డపేరు మోశాడు. 1968 నుంచి 1981 దాకా ప్రపంచ బ్యాంకుకి అధ్యక్షుడు కూడా.

చదువుతుంటే నాకు ఆ సీటు విషయంలో ఆయన మీద గౌరవమే కలిగింది, నిజం చెప్పొద్దూ. ఇద్దరే కూర్చునే కారు ఏం చేసుకోను? మా అత్తగారు ఎక్కడ కూర్చోవాలి? బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలి? మెక్‌నమారా గనక మన ఊళ్లో పుట్టి ఉంటే మంచి సంసారపక్షం మనిషి అని పేరు తెచ్చుకునేవాడు అనుకున్నాను.

వెనక సీటు వచ్చాక పిట్టకి సోకులు కూడా వచ్చాయి. కారు మరీ కిందికి ఉండటంతో ఇంజను నుంచి వెనక చక్రాలకి వెళ్లే ఇరుసు కోసం మధ్యలో ఎత్తుగా గట్టు కట్టాల్సి వచ్చింది. ఆ గట్టునే అందంగా తొడుగు వేసి, దానిలోనే మీటలూ రేడియో స్పీకరూ అమర్చి, ఇదే ఫ్యాషన్ అన్నారు. చిరుగు మీద పువ్వు కుట్టి డిజైనని చెప్పే మన నేర్పే అది. 1961లో స్టీరింగు చక్రం పక్కకి జరిగే ఏర్పాటు వచ్చింది. బండి ఆపి, గేరు పార్కులో పెడితే, చక్రం మర్యాదగా పక్కకి తప్పుకుని 'దిగండమ్మా' అంటుంది. చీర కట్టుకుని కారు దిగే కష్టం తెలిసినవాళ్లెవరో కనిపెట్టి ఉంటారనిపించింది. 1965లో వెనక దీపాలు మూడేసి చొప్పున, ఏ పక్కకి తిరగాలో ఆ పక్కకి ఒకదాని తర్వాత ఒకటి వెలిగేలా చేశారు. దీపావళికి పిట్టగోడ మీద ప్రమిదలు వరసగా వెలిగిస్తూ పోయినట్టు. మన అంబాసిడరు 2014లో ఆగిపోయేదాకా అర్ధశతాబ్దం పైన ఇంచుమించు ఒకే ముఖంతో గడిపేసింది గాని, ఈవిడ మాత్రం మూడేళ్లకోసారి చీర మార్చింది.

తర్వాత ఏమవుతుందో మీరు ఊహించగలరు. వెనక సీటు ఉంటే చాలదు, వెనకవాళ్లకి తలుపులు కావాలి. 1967లో నాలుగు తలుపులు వచ్చాయి. ఆ ముందటి ఏడాదితోనే పైకప్పు తీసి గాలికి తిరిగే మోడలు ఆపేశారు. 1972 నుంచి మరీ పెరిగిపోయింది. దాదాపు 19 అడుగుల పొడవు, రెండు టన్నుల పైన బరువు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసేసరికి, అంత ఒళ్లేసుకుని ఇంత తిండి తినేదాన్ని ఎవరు పోషిస్తారు? 1977లో చిక్కించి, ధర తగ్గించారు. 1978లో మూడున్నర లక్షలు అమ్ముడైంది. దాని జీవితంలో అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అమ్మలేదు. కానీ దాన్ని చూసి రోడ్డు మీద ఎవరైనా ఆగి నిలబడ్డారా అంటే అనుమానమే. అందరి అవసరాలూ తీర్చింది. అందరిలాగే అయిపోయింది. చివరికి 1997లో ఆపేశారు.

అక్కడ పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎదుట కౌంటర్లో అక్క ఎవరికో పుస్తకాలు వెతికి ఇస్తోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది.

అక్క గుంటూరులో జూనియర్ కాలేజీ లెక్చరరు. ఎమ్మెస్సీ బంగారు పతకం. 2004లో బావగారికి అమెరికా ఉద్యోగం వచ్చింది. భార్యగా అక్కకి దొరికింది డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. నాన్న ఉత్తరాల్లో "అమ్మాయి హాయిగా ఉంది" అని చుట్టాలకి రాసేవారు. హాయిగానే ఉంది. పదకొండేళ్లు అట్లు పోసింది, పిల్లల్ని స్కూలుకి దింపింది, తెచ్చింది. ఆ దేశంలో తన పేరూ తన ఫోటోతో మొదట వచ్చిన కాగితం డ్రైవింగు లైసెన్సే. దాన్ని పర్సులో పెట్టుకోకుండా చాలా రోజులు దేవుడి గూట్లో పెట్టిందట. 2015లో ఆ వీసా మీద ఉన్న కొంతమంది భార్యలకి పని చేసుకోవడానికి అనుమతినిచ్చారు. అప్పటికి ఫిజిక్స్ మర్చిపోయింది. లైబ్రరీలో చేరింది.

ఇన్నాళ్లూ అక్క నడిపింది ఏడు సీట్ల వ్యాను. వెనక రెండు వరసలూ ఎప్పుడూ నిండే ఉండేవి. తన పిల్లలు, పక్కవాళ్ల పిల్లలు, సంగీతం క్లాసుకి వయొలిన్లు, గుడికి ప్రసాదం గిన్నెలు, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు, వాళ్ల చేతికర్రలు. ఇప్పుడు పెద్దవాడు ఉద్యోగంలో, చిన్నది కాలేజీలో. అత్తమామలు పోయారు. వ్యాను మాత్రం ఏడు సీట్లతో అలాగే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క మెల్లగా అంది. "పిట్ట 1997తో అయిపోలేదే. 2002లో మళ్లీ వచ్చింది. మొదటిదానిలాగే, రెండే సీట్లు, ఆ గుండ్రటి కిటికీలు. ఈ పక్కనే విక్సమ్‌లో తయారయ్యేది. 2005 దాకా చేశారు. అలాంటిది ఒకటి అమ్మకానికి ఉందిట. నా జీతంలో దాచుకున్నది సరిపోతుంది."

బావగారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగారు. ఆయన చెడ్డవారు కాదు. అక్కకి జ్వరం వస్తే రాత్రంతా కూర్చునే మనిషి. "నీకేం కారు లేదా? మంచు పడితే ఆ బొమ్మకారు గ్యారేజీలోంచి తియ్యలేం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దానికి ముసుగేసి పూజ చెయ్యాలి. పైగా రెండు సీట్లు! పిల్లలొస్తే?" అన్నారు.

"పిల్లలు వచ్చినప్పుడు వ్యాను ఉంది కదండీ" అంది అక్క.

అప్పుడు నేను నోరు విప్పాను. విప్పకుండా ఉంటే ఎంత బాగుండేది! "నిజమే అక్కా, మేమెవరమైనా వస్తే ఎక్కడ కూర్చుంటాం? ఆ డబ్బుతో నాలుగు సీట్లది మంచిది రాదూ?" అన్నాను. అంటే ఏమిటన్నమాట? మెక్‌నమారా మాట, నా నోట, గుంటూరు యాసలో.

అక్క ఏమీ అనలేదు. "పెరుగు వేసుకో" అంది. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన అక్క. కోపం వస్తే అరుస్తుంది, బాధ కలిగితే పెరుగు వేస్తుంది.

నిద్ర పట్టలేదు. నేను ఎనిమిది నవలలు రాశాను. అన్నిటిలోనూ ఆడవాళ్లు తమ ఇష్టం కోసం నిలబడతారు. పాఠకులు ఉత్తరాలు రాస్తారు, 'మీ నాయిక ధైర్యం మాకు ఆదర్శం' అని. సొంత అక్క అన్నం ముందు కూర్చుని నాకు ఒకటి కావాలి అంటే, మొట్టమొదట నా మనసులో మెదిలింది ఏమిటి? నేనొస్తే నా సీటెక్కడ అని!

మర్నాడు సాయంత్రం ఎదురింటి మామ్మగారు పచ్చిక మీద కుర్చీ వేసుకుని కారు తుడుచుకుంటోంది. నేనూ ఒక గుడ్డ తీసుకుని వెళ్లాను. మాటల్లో చెప్పింది. ఆవిడ స్కూలు టీచరుగా పనిచేసేది. భర్తతో విడాకులయ్యాయి. ఇద్దరు మగపిల్లలు. అంతకుముందు ఎప్పుడో అప్పు కోసం బ్యాంకుకి వెళితే, మీ ఆయన సంతకం తెమ్మన్నారట. నేను నమ్మలేదు. అమెరికాలోనా? ఔనట. అప్పివ్వడంలో ఆడా మగా తేడా చూపకూడదని అక్కడ చట్టం వచ్చింది 1974లో. అది అమల్లోకి వచ్చాక, 1976లో, తన ఒక్కదాని సంతకంతో అప్పు తీసుకుని కొన్న మొదటి వస్తువు ఈ కారు. అప్పటికే పాతది, తుప్పు పట్టింది. వారానికింత చొప్పున బాగుచేయించుకుంది.

"మరి పిల్లలో? వాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు?" అన్నాను. చూశారా, బుద్ధి ఎక్కడికీ పోదు.

ఆవిడ నవ్వింది. "స్కూలు బస్సులో. దానికి బోలెడు సీట్లున్నాయిగా" అంది.

తర్వాత కాసేపాగి అంది. వారమంతా నలుగురి మధ్య తిరిగే మనిషికి, ఆదివారం ఒక గంట ఈ కారులో కూర్చుంటే, తాను తల్లీ కాదు, టీచరూ కాదు, ఒకరి మాజీ భార్యా కాదు. ఎవరో ఆలోచించుకోవడానికి ఆ గంట సరిపోయేదట. పిల్లలు మాత్రం చెడిపోలేదు. ఇద్దరూ అమ్మని చూడటానికి పండగలకి వస్తారు. వస్తే ముందు ఈ కారు తాళం చెవి కోసం కొట్టుకుంటారు.

తాళం చెవి అంటే గుర్తొచ్చింది. 1964లో బీచ్ బాయ్స్ వాళ్ల పాట ఒకటి ఈ కారు మీద ఉంది. ఒకమ్మాయి లైబ్రరీకని చెప్పి నాన్న థండర్‌బర్డ్‌లో షికారు కొడుతుంది. తెలిసి నాన్న కారు లాగేసుకుంటాడు. వెంటనే ఒక కుర్రాడు తయారు, ఇక నాతో రా అని. సరదా పాటే. కాని ఆ పిల్లకి తనదంటూ కారు ఎందుకు లేదు అని ఆ పాటలో ఎవరూ అడగరు. 1991లో వచ్చిన 'థెల్మా అండ్ లూయీస్' సినిమాలో ఉన్నది 1966 థండర్‌బర్డ్, పైకప్పు తీసేది. అది హోటల్లో వడ్డించే లూయీస్ సొంత కారు. ఇద్దరు స్నేహితురాళ్లు రెండు రోజులు సరదాగా గడిపి వద్దామని బయల్దేరతారు. చివరికి పట్టుబడటం ఇష్టం లేక ఆ కారుతోనే లోయలోకి దూకేస్తారు. కథ రాసింది కాలీ ఖౌరీ అనే ఆవిడ. ఆస్కారు కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ ముగింపు మీద కోపం. సొంత కారులో రెండు రోజులు తిరిగిన పాపానికి లోయే శరణ్యమా? ఇంటికి తిరిగొచ్చి అన్నం వండుకుని, మళ్లీ వచ్చే ఆదివారం తిరగకూడదా?

ఆ రాత్రి అక్క గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వెళ్లాను. "అక్కా, నిన్న నేనన్నది తప్పే" అన్నాను.

"ఏం అన్నావే?" అంది, తెలియనట్టు.

"మేమొస్తే వ్యానులో తిప్పు. లేదా టాక్సీ పిలుచుకుంటాం. నువ్వు ఆ కారు కొనుక్కో."

అక్క నా వంక కాసేపు చూసి, "ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇది కావాలని అడగలేదే. ఎలా అడగాలో కూడా తెలియలేదు. ధర, మైలేజీ చెప్పాను. ఊరికే కావాలనిపించింది అని చెప్పడం చేతకాలేదు" అంది. కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు లేవు అక్కడ.

బావగారితో నేనే మాట్లాడదామనుకున్నాను. వద్దంది. "ఒప్పించడానికి కాదు, చెప్పడానికి. అది నేనే చెబుతాను" అంది. నేను తిరిగొచ్చేలోగా చెప్పిందో లేదో తెలియదు. విమానాశ్రయానికి ఏడు సీట్ల వ్యానులోనే దింపారు. వెనక నా పెట్టెలు, పచ్చళ్ల ఖాళీ సీసాలు.

అక్టోబరులో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఎర్రటి ఆకుల చెట్ల కింద లేత పసుపు కారు. గుండ్రటి కిటికీ. స్టీరింగు ముందు మా అక్క, తలకి గుడ్డ కట్టుకుని, ఎదురింటి మామ్మగారి శిష్యురాలని తెలిసేటట్టు. పక్క సీట్లో ఎవరూ లేరు. హ్యాండ్‌బ్యాగుంది.

వెంటనే ఫోన్ చేశాను. "బావగారేరీ?"

"పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను. మూడు కూతలొచ్చాక ఆపమన్నాను. చూస్తున్నారు" అంది. వెనక నుంచి గాలి హోరు వినబడుతోంది. "ఎక్కడికి వెళ్తున్నావే?" అన్నాను. "తెలీదు" అంది అక్క. అంత సంతోషంగా ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

నాకు కారు అక్కర్లేదు. ఇప్పటికీ రంగు చూసే ఎక్కుతాను. కానీ ఇన్నాళ్లూ నా నవలలన్నీ భోజనాల బల్ల మీదే రాశాను. చింతపండు రసం మరకలు లేని ప్రతి ఒక్కటీ లేదు. పదకొండింటికి కాగితాలు తీసి కంచాలు పెట్టాలి, మూడింటికి కంచాలు తీసి కాగితాలు పెట్టాలి. పోయిన నెల కిటికీ దగ్గరికి చిన్న బల్ల ఒకటి కొని వేయించుకున్నాను. ఒక కుర్చీ.

మా వారు చూసి, "ఎవరైనా వస్తే కూర్చోవడానికి ఇంకో కుర్చీ వెయ్యమంటావా?" అన్నారు, పాపం ప్రేమగానే.

వద్దన్నాను.